మచ్చ మీద మొలిచిన ఆకు

ఖరీదైన నగ అంటే మచ్చలేని రాయి అని మనకో గట్టి నమ్మకం. పారిస్‌లోని కార్టియే వాళ్లు 1920లలో మొదలుపెట్టిన రంగురాళ్ల నగల గురించి తెలిశాక నాకది సడలింది. ప్లాటినం కొమ్మకు పచ్చల ఆకులు, కెంపుల పండ్లు, నీలాల మొగ్గలు గుత్తులుగా కాసినట్టుంటాయవి. తర్వాతి కాలంలో వాటికి టూటీ ఫ్రూటీ అని పేరు పడింది.

ఆ ఆకుల్లో చాలావాటిని చెక్కింది మన దేశంలోనే. కార్టియే సోదరుల్లో చిన్నవాడు జాక్, 1911లో ఢిల్లీ దర్బారు నాటికి ఇక్కడికి వచ్చాడు. మహారాజులతో, రత్నాల వర్తకులతో పరిచయాలు పెంచుకున్నాడు. రాయి మీద పూలూ ఆకులూ తీర్చడం అప్పటికే ఇక్కడ పాత విద్య. 1695 నాటి మొగల్ పచ్చ ఒకటుంది, 217.80 క్యారట్లు. ఒక వైపు ప్రార్థన అక్షరాలు, రెండో వైపు పూలు. ఆ రాయి పుట్టింది మాత్రం కొలంబియా గనుల్లో.

ఇంతకీ అంత విలువైన రాయిని చెక్కడమెందుకు? పచ్చలో పగుళ్లు, మరకలు లేకపోవడం బహు అరుదు. పలకలుగా సానపడితే వెలుగు లోపలికి దూరి ఆ లోపాలన్నిటినీ బయటపెడుతుంది. పైగా ముడిరాయిలో సగానికి మించి పొడైపోవడం మామూలే. అదే ఆకుగా చెక్కితే బరువు చాలావరకు దక్కుతుంది. చూపు పైనున్న గీతల దగ్గరే ఆగిపోతుంది. గోరంత రాయిలో నడిమి ఈనె, దాని నుంచి ఏటవాలుగా పక్క ఈనెలు, అంచున చిన్న వంపు. లోపల పగులు ఎటు పోతే అటే ఒక ఈనె లాగేశాడంటే ఆ పనివాడి తెలివికి దండం పెట్టాలి. కెంపు, నీలం దగ్గర పని ఇంకా కష్టం. గట్టితనంలో వజ్రం తర్వాత అవే కాబట్టి వజ్రపు పొడితోనే అరగదీయాలి.

చేత్తో చెక్కిన ఏ రెండు ఆకులూ ఒకేలా ఉండవు. అందుకే పొదిగేవాడు ప్రతి రాయికీ విడిగా గూడు కట్టాల్సిందే. ఇప్పుడు మార్కెట్లో దొరికే నకళ్లలో ఆకులన్నీ ఒకే కొలత, ఒకే రంగు. నా కంటికి వాటిలో చెట్టు కనిపించదు, మిషను కనిపిస్తుంది.

2020 ఏప్రిల్‌లో, కోవిడ్ రోజుల్లో, సోథెబీస్ ఆన్‌లైన్ వేలంలో ఒక టూటీ ఫ్రూటీ బ్రేస్‌లెట్ 13 లక్షల డాలర్ల పైచిలుకు పలికింది. కంపెనీ పేరుకు ఆ ధరలో పెద్ద వాటా ఉంటుంది. ఆకు చెక్కినవాడి పేరు ఏ కాగితం మీదా ఉండదు. ఇది నాకు మింగుడుపడని సంగతి.

మన ఇళ్లలోనూ కెంపులు, పచ్చలు పొదిగిన మామిడి పిందెల హారాలున్నాయి. పండగ ముందు వాటిని వేడి కుంకుడురసంలో నానేసే అలవాటు ఉంటే దయచేసి మానండి. పచ్చల పగుళ్లు కనపడకుండా నూనె పట్టించడం ఈ వ్యాపారంలో మామూలే. వేడికి ఆ నూనె పోయిందంటే పగుళ్లన్నీ తేలతాయి. పాత నగల్లో రాళ్ల వెనక లక్క మెత్తబడుతుంది, నీరు దిగితే కింది రేకు మసకబారుతుంది. కుంకుడురసం వట్టి బంగారానికే పెట్టండి. రాళ్ల నగకు మెత్తటి పొడిగుడ్డ చాలు.