ప్రశ్నావళికి దొరకని కులం

సామాజిక మనోవిజ్ఞానంలో మొదటి పాఠాల్లో ఒకటి 'వైఖరి'. దాన్ని కొలవడానికి బొగార్డస్ 1925లో సామాజిక దూరపు స్కేలు ఇచ్చాడు. ఫలానావాళ్లని పెళ్లికి ఒప్పుకుంటావా, స్నేహానికా, ఇరుగుపొరుగుకా, కనీసం దేశంలోకైనా రానిస్తావా? మెట్టుమెట్టుకి టిక్కు పెడితే మనసు కొలిచినట్టే. మన దగ్గర కులం మీదా ఈ పద్ధతి వాడారు. ఇది కులాన్ని కొలుస్తుందా, కులం గురించి చెప్పే మర్యాద మాటల్ని కొలుస్తుందా?

ఈ అనుమానం 1934లోనే లాపియర్ లేవదీశాడు. ఒక చైనా జంటతో అమెరికా తిరిగితే 251 హోటళ్లు, బసల్లో ఒక్కచోటే కాదన్నారు. తర్వాత ఉత్తరాలు రాసి అడిగితే, జవాబిచ్చినవాళ్లలో నూటికి తొంభైమందికి పైగా రానివ్వమన్నారు. మాట వేరు, చేత వేరు అని పాఠం. కానీ ఆ జంట వెంట చాలాచోట్ల తెల్ల ప్రొఫెసర్ ఉన్నాడు. మన వెంట ఎవరున్నారు?

వెంగళరావు నగర్‌లో టు-లెట్ బోర్డులు చూసుకుంటూ తిరిగాను. ఒక ఇంటాయన బాగానే మాట్లాడాడు. "పీహెచ్‌డీనా బాబూ, మంచిది" అన్నాడు. అడ్వాన్సు చెప్పాడు. ఆనక, "ఇంతకీ మీరేమిట్లు?" చెప్పాను. "మా అబ్బాయినడిగి చెప్తా" అన్నాడు. బోర్డు వారం దాకా అట్లనే వేలాడింది.

ఆయన చేతికే ప్రశ్నావళి ఇచ్చి చూడండి. "ఈ రోజుల్లో కులాలెక్కడండీ" అని టిక్కు పెడతాడు. పదిసార్లడిగినా అదే టిక్కు. దాన్ని విశ్వసనీయత అంటారు. సప్రమాణత మాత్రం గేటు దగ్గరే ఆగిపోయింది. లాపియర్ దగ్గర నోరు కాదంది, తలుపు తెరుచుకుంది. ఇక్కడ నోరు ఔనంటది, తలుపు మూసుకుంటది.

అందుకే తోరాట్, అట్టేవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో ఎవరి మనసూ అడగలేదు. ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు ఒకే తీరు అర్హతలతో, పేర్లు మార్చి దరఖాస్తులు పంపారు. దళిత పేర్లకు పిలుపులు తగ్గాయి. ఢిల్లీ చుట్టుపక్కల అద్దె ఇళ్ల మీద తోరాట్ బృందం చేసిన ఇలాంటి పరిశీలన 2015లో వచ్చింది.

హైదరాబాద్‌లోనూ ఈ పని మన విద్యార్థులు చేయొచ్చు. ఒకే గది, ఒకే జీతం, ఒకే చదువు, వేరు వేరు ఇంటిపేర్లు. ఏ ప్రశ్న తర్వాత మాట మారిందో రాసుకోవాలి. అయితే ఒక షరతు. ఈ పద్ధతిలో గేటు దగ్గర అవమానం మోసేది దళిత విద్యార్థే, గైడు కాదు. ఆ బరువు ఎవరి మీద పడిందో కూడా థీసిస్‌లో రాయాలి. పరిశోధకుడి కులం కూడా డేటాయే. దాన్ని దాచినంత కాలం మన మెథడాలజీ ఇంటాయన మాట్లాడినట్టే మర్యాదగా మాట్లాడుతుంది.