మూడు భాగాల తీర్మానం

మైసూరు పాలకుడు టిప్పు సుల్తాన్ చేతిలోని రాయకోట కొండమీది కోటను 1791లో ఈస్టిండియా కంపెనీ సేన పట్టుకుంది. కంపెనీకి అది ఖాయమైంది మాత్రం మరుసటేడు శ్రీరంగపట్నంలో రాసుకున్న ఒప్పందంతో. ఫిరంగి గెలిచినదాన్ని కాగితం నిలబెట్టింది. ఫిరంగి లేనివాళ్లు ఒట్టి కాగితంతో ఏం చేయగలరో 1946 నాటి ఒక తీర్మానంలో చూడొచ్చు.

1860 నుంచి మద్రాసులో ఓడెక్కి ఇప్పటి దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు వెళ్లిన కూలీల్లో తెలుగువాళ్లూ ఎందరో ఉన్నారు. వాళ్ల సంతతి ఎక్కడ భూమి కొనాలో, ఎక్కడ కాపురముండాలో 1946లో దక్షిణాఫ్రికా చట్టం గిరి గీసింది. స్వాతంత్ర్యం ఇంకా రాని మన దేశం ఆ ఏడే దక్షిణాఫ్రికాతో వ్యాపారం తెంచుకుని ఐక్యరాజ్యసమితిలో ఫిర్యాదు పెట్టింది. మన తరఫున విజయలక్ష్మీ పండిట్ వాదించారు. అవతల దక్షిణాఫ్రికా ప్రధాని స్మట్స్. ‘దేశం లోపలి వ్యవహారంలో సమితి జోక్యం చేసుకోరాదు’ అనే సమితి చార్టర్ నిబంధనను ఆయన అడ్డుపెట్టారు.

ఫ్రాన్స్, మెక్సికో కలిసి రాసిన తీర్మానం ముసాయిదా ఆ అడ్డును ఢీకొట్టలేదు, చుట్టి వచ్చింది. మొదటి భాగం: భారతీయులను చూస్తున్న తీరువల్ల రెండు దేశాల స్నేహ సంబంధాలు దెబ్బతిన్నాయి, సర్దుబాటు కాకుంటే ఇంకా దెబ్బతింటాయి. ఈ మాట ఊరికే ఎంచింది కాదు. స్నేహ సంబంధాలు దెబ్బతినే పరిస్థితిపై సమితి సర్వసభ్య సభ సిఫారసు చేయవచ్చని చార్టర్ 14వ అధికరణం చెబుతుంది. దాంతో ఇంటి గొడవ ఊరి పంచాయితీకి వచ్చినట్టే. రెండో భాగం: ఆ తీరు రెండు ప్రభుత్వాల ఒప్పందాలకూ చార్టర్‌కూ తగినట్టు ఉండాలి. 1927లో కేప్‌టౌన్‌లో అక్కడి భారతీయుల గురించి భారత్‌తో దక్షిణాఫ్రికా తానే ఒప్పందం చేసుకుంది. ఇది తన ఇంటి విషయమే అయితే బయటి ప్రభుత్వంతో ఒడంబడిక ఎందుకు? మూడో భాగం: ఏం చేశారో రెండు ప్రభుత్వాలూ వచ్చే సమావేశంలో చెప్పాలి. ఇందులో తిట్టు లేదు, శిక్ష లేదు. కానీ విషయం మళ్లీ సభకు రాక తప్పదు.

డిసెంబరు 8న ఓటింగు. అనుకూలం 32, వ్యతిరేకం 15, తటస్థం 7. ఓటేసిన 47 దేశాల్లో మూడింట రెండొంతులంటే 32 కావాలి. సరిగ్గా అన్నే పడ్డాయి.

దక్షిణాఫ్రికా లెక్కచేయలేదు. మరుసటేడు తీర్మానానికి ఓట్లూ చాలలేదు. అయినా విషయం మళ్లీ మళ్లీ సభకొచ్చింది. 1952లో దాని పక్కనే వర్ణవివక్ష మొత్తం చర్చకు చేరింది. 1962లో రెండూ ఒకే అంశమయ్యాయి. దక్షిణాఫ్రికా సరుకు కొనవద్దని, తమ సరుకు అమ్మవద్దని ఆ ఏడు సభ అన్ని దేశాలనూ కోరింది. అంతకు పదహారేళ్ల ముందు భారత్ ఒంటరిగా చేసిన పని అది.