అతుకు కనబడని బొమ్మ

వేర్వేరు చోట్ల, వేర్వేరు వేళల్లో తీసిన దృశ్యాలను ఒకే చట్రంలో కూర్చి, అవన్నీ ఒకే వెలుగులో, ఒకే క్షణాన కెమెరాకు చిక్కాయని చూసేవారిని నమ్మించే పనికి కంపోజిటింగ్ అని పేరు. ఒకప్పుడు పెద్ద సినిమా స్టూడియోలకే పరిమితమైన ఈ పని ఇప్పుడు మదనపల్లె, పుంగనూరు, కుప్పం వంటి ఊళ్ళలో పెళ్ళి వీడియోలకూ, జాతర పాటలకూ, ఎన్నికల ప్రచార చిత్రాలకూ అవసరమవుతున్నది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్, బ్లెండర్ వంటి సాఫ్ట్‌వేర్లు చిన్న స్టూడియోలకు సైతం అందుబాటులోకి వచ్చాయి గాని, అతుకు కనబడకుండా చేసే నేర్పు వాటితోపాటు పెట్టెలో రాలేదు. ఆ నేర్పుకు మూలసూత్రం ఒక్కటే: బొమ్మలో దోషం కనబడే చోటు వేరు, అది పుట్టిన చోటు వేరు. కనబడిన చోట పూత పూసేవాడికి పని ఎప్పటికీ తెమలదు. పుట్టిన చోటు పట్టుకున్నవాడు ఒక్క సవరణతో గట్టెక్కుతాడు.

ఈ విద్యకు తెలుగు సినిమాలో కంప్యూటర్ రాకముందే గట్టి పునాది పడింది. కె.వి. రెడ్డి దర్శకత్వంలో విజయా సంస్థ నిర్మించిన పాతాళభైరవి (1951), మాయాబజార్ (1957) చిత్రాలకు మార్కస్ బార్ట్‌లీ ఛాయాగ్రాహకుడు. ఎన్.టి. రామారావు తానే రావణుడిగా నటించి దర్శకత్వం వహించిన సీతారామ కల్యాణం (1961) చిత్రానికి రవికాంత్ నగాయిచ్ కెమెరా పట్టారు. ఆ కాలపు ట్రిక్ ఫోటోగ్రఫీకి ప్రధాన సాధనం మాస్క్. అంటే కటకం ముందు నల్లని అడ్డు పెట్టి ఫిల్ములో కొంత భాగానికే వెలుతురు తగిలేలా చిత్రీకరించి, ఫిల్మును వెనక్కి తిప్పి, వెలుతురు తగిలిన భాగాన్ని మూసి, మిగిలిన భాగంలో రెండో దృశ్యాన్ని తీయడం. ద్విపాత్రాభినయంలో ఒకే నటుడు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకోవడం ఇలాగే సాధ్యమైంది. రెండు అడ్డుల అంచులు వెంట్రుకవాసి ఎడమైతే అక్కడ ఫిల్ముకు రెండుసార్లు వెలుతురు తగిలి తెరమీద తెల్లగీత కనబడుతుంది. అంతే వాసి ఒకదాని మీదికొకటి వస్తే నల్లగీత పడుతుంది. ఫిల్మును కడిగేదాకా ఆ గీత సంగతి తెలియదు గనుక, కెమెరా కదలకుండా బిగించడం, నటుడు నిలబడే చోటు గుర్తు పెట్టడం, దీపాల ఎత్తు కొలిచి రాసుకోవడం వంటి జాగ్రత్తలన్నీ చిత్రీకరణకు ముందే తీసుకోవలసి వచ్చేది.

కంప్యూటర్ వచ్చాక ఆ నల్లని అడ్డు స్థానాన్ని ఒక అంకె ఆక్రమించింది. 1970ల చివర ఆల్వీ రే స్మిత్, ఎడ్ క్యాట్మల్ ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలతోపాటు ఆల్ఫా అనే నాలుగో విలువను జతచేశారు. ఆ చుక్క పై పొరలో ఎంతమేర నిండి ఉన్నదో, ఎంతమేర కింది పొరను కనబడనిస్తున్నదో చెప్పే కొలత అది. 1984లో థామస్ పోర్టర్, టామ్ డఫ్ ఈ కొలత ఆధారంగా పొరలను కలిపే గణితాన్ని స్థిరపరిచారు. పై పొర రంగును ఆల్ఫాతో గుణించి, కింది పొర రంగును ఒకటిలోంచి ఆల్ఫా తీసివేయగా మిగిలిన దానితో గుణించి, రెంటినీ కూడాలన్నదే దాని సారం. 1993లో వెలువడిన ఆఫ్టర్ ఎఫెక్ట్స్ మొదలు నేటి సాఫ్ట్‌వేర్లన్నీ ఈ లెక్క మీదే నడుస్తున్నాయి.

పొరల పనిలో తరచుగా ఎదురయ్యే నల్లని అంచు ఈ లెక్కలోనే పుడుతుంది. పెళ్ళికూతురి జడలోని మల్లెపూల అంచున, సగం పువ్వు, సగం ఖాళీగా ఉన్న ఒక చుక్కను తీసుకుంటే, పువ్వు వెలుగు 200, ఆల్ఫా 0.5 అనుకోవచ్చు. కొన్ని ఫైళ్ళలో ఈ గుణకారం ముందే జరిగి, ఆ చుక్క 100గా నమోదై ఉంటుంది. ఆ సంగతి చెప్పకపోతే సాఫ్ట్‌వేర్ దాన్ని మళ్ళీ సగం చేసి 50గా తీసుకుంటుంది. వెనుక 200 వెలుగున్న ఆకాశం ఉంటే దాని వాటా 100 కలిసి మొత్తం 150 అవుతుంది గాని, రావలసిన 200 రాదు. ఆ తగ్గిన 50 పూల చుట్టూ మసిగీతలా కనబడుతుంది. అంచును లోపలికి నొక్కి గీతను దాచాలని చూస్తే పూలరేకులే తెగిపోతాయి. ఫైలును దిగుమతి చేసే చోట, ఆల్ఫాతో గుణకారం ముందే అయిందని ఒక్క ఎంపిక మార్చితే మసి మొత్తం పోతుంది.

మనిషిని పచ్చతెర నుంచి విడదీసే కీయింగ్‌లో చిక్కులు ఇంకా ఎక్కువ. ఒక రంగు మిగతా రంగులకంటే ఎంత ఎక్కువగా ఉన్నదో చూసి మాట్‌ను, అంటే నేటి ఆల్ఫా పని చేసే అడ్డును, కట్టే పద్ధతిని పెట్రో వ్లాహోస్ బెన్‌హర్ (1959) చిత్రం కోసం నీలితెరతో సాధించారు. డిజిటల్ కెమెరా సెన్సర్‌లో ఆకుపచ్చను గ్రహించే గడులు తక్కిన ఒక్కో రంగు గడులకు రెట్టింపు ఉండి, ఆ రంగులో మచ్చలు తక్కువగా వస్తాయి గనుక తరువాత పచ్చతెర వాడుక పెరిగింది. అయితే మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో నేసే పట్టుచీర వంటి దాన్ని పచ్చతెర ముందు నిలిపితే రెండు చిక్కులు వస్తాయి. చీర చిలకపచ్చదైతే తెరతోపాటు చీర కూడా మాయమవుతుంది. ఎర్రదైనా జరీ అద్దంలా పనిచేసి తెర పచ్చదనాన్ని అంచు పొడవునా పూసుకుంటుంది. ఈ రెండోదాన్ని స్పిల్ అంటారు. ఆకుపచ్చ విలువ ఎరుపు, నీలాల సగటును మించకుండా కట్టడి చేస్తే అది తగ్గుతుంది గాని, మామిడి తోరణం, తమలపాకులు కూడా ఆ కట్టడికి లోనై బూడిదరంగుకు తిరుగుతాయి. అందుచేత తోరణాన్నీ ఆకులనూ విడిగా మాస్క్ గీసి కాపాడుకోవాలి. అంతకంటే తేలిక మందు చిత్రీకరణలోనే ఉంది: మనిషిని తెరకు ఆరేడు అడుగులు ముందుకు జరపడం, తెరకు వేరే దీపాలు పెట్టడం, పచ్చచీర అని ముందే తెలిస్తే నీలితెర కట్టడం.

తెర వెలుగు సమంగా ఉన్నా జుట్టు అంచు మెట్లుమెట్లుగా వస్తే తప్పు కెమెరా రికార్డింగులో వెతకాలి. సాధారణ వీడియో కెమెరాలు జాగా పొదుపు కోసం నాలుగు చుక్కలకు కలిపి ఒకే రంగు విలువను దాస్తాయి. వెలుగును మాత్రం ప్రతి చుక్కకూ విడిగా దాస్తాయి. కాబట్టి రంగు మీదే ఆధారపడే కీయింగ్‌కు అంచు మొరటుగా దొరుకుతుంది. రంగు చానళ్ళను మాత్రమే స్వల్పంగా మెత్తబరిచి, మెరుగైన అంచును వెలుగు చానల్ నుంచి తీసుకోవడం, దేహానికి గట్టి మాట్, జుట్టుకు మెత్తని మాట్ వేర్వేరుగా కట్టి కలపడం అనుభవజ్ఞుల పద్ధతి.

అంచు కుదిరినా బొమ్మ అతికినట్లు కనబడితే, పొరలు వెలుగులో ఏకీభవించలేదని అర్థం. మదనపల్లెకు చేరువలో, సముద్రమట్టానికి సుమారు 1,265 మీటర్ల ఎత్తున ఉన్న హార్స్‌లీ కొండల మంచులో ఒక జంటను నిలబెట్టాలంటే, స్టూడియోలో తీసిన వారి దుస్తుల నలుపు ఆ మంచులోని నలుపుకంటే గాఢంగా ఉండకూడదు. దూరం పెరిగేకొద్దీ మంచు నలుపును తెలుపువైపు లాగుతుంది గనుక, వారి నీడల విలువను అదే దూరంలోని చెట్టు మానుతో కొలిచి సరిపెట్టాలి. పొగమంచు, సంధ్యాకాశం వంటి చోట్ల రంగు చారలుగా విడిపోతే కారణం మెట్ల కొరత. ఎనిమిది బిట్ల లెక్కలో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. ప్రాజెక్టును పదహారు బిట్లకు మార్చి, చివర కాస్త ఫిల్ము రేణువు కలిపితే చారలు కరిగిపోతాయి. మాయాబజార్ నౌకావిహారపు పాటలో బార్ట్‌లీ సృష్టించిన వెన్నెల ఇప్పటికీ వెన్నెలగానే కనబడడానికి నీడలకూ వెలుగులకూ మధ్య ఆయన కుదిర్చిన ఈ పొందికే కారణం.

పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతరలోనో, కుప్పం గంగమ్మ జాతరలోనో చేతిలో పట్టుకుని తీసిన దృశ్యంలో శీర్షికను గుడిగోడకు అంటించినట్లు నిలపాలంటే ట్రాకింగ్ కావాలి. అంటే కదిలే చిత్రంలో కొన్ని బిందువులను వెంబడించి కెమెరా కదలికను లెక్కగట్టడం. జనసమ్మర్దంలో సాఫ్ట్‌వేర్ తలలనూ, గొడుగులనూ, ఊగే తోరణాలనూ బిందువులుగా ఎంచుకుంటుంది గనుక శీర్షిక తేలుతూ పోతుంది. కదిలేవాటిని ముందు మాస్క్‌తో మినహాయించి, గోపురం మూలలు, స్తంభాల అంచులు వంటి స్థిరమైన చోట్లను మాత్రమే మిగల్చడం దీనికి చికిత్స.

ఆ శీర్షిక తెలుగులో ఉంటే మరో చిక్కు తోడవుతుంది. ‘శ్రీ’ చదివేవారికి ఒక్క అక్షరమైనా, యూనికోడ్‌లో అది నాలుగు సంకేతాల వరుస. అక్షరాలను ఒక్కొక్కటిగా ఎగురవేసే యానిమేషన్ పెడితే గుడి, వత్తు, హల్లు చెల్లాచెదురయ్యే ప్రమాదముంది. డి.టి.పి. కేంద్రాల్లో వాడుకలో ఉన్న అను ఫాంట్లలో అక్షరం చక్కగా కనబడినా, వత్తులూ గుణింతాలూ విడి ముక్కలుగా ఉంటాయి కాబట్టి అక్కడా అదే ముప్పు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో దక్షిణాసియా లిపులకు తగిన టెక్స్ట్ అమరికను ఎంచుకోవాలి. అప్పటికీ కుదరకపోతే అక్షరాలను ఆకృతులుగా మార్చి, వత్తునూ గుడినీ వాటి హల్లుతో ఒక గుంపుగా కట్టి కదిలించాలి.

ఇన్ని చిక్కుల్లోనూ దోషాన్ని వెతికే క్రమం మారదు. పై పొర నుంచి ఒక్కొక్క ఎఫెక్టును ఆపుతూ ఎక్కడ దోషం మాయమవుతున్నదో చూడడం, ఆల్ఫాను మాత్రమే నలుపు తెలుపుల్లో తెరవడం, పొర వెనుక మధ్యస్థమైన బూడిదరంగు పెట్టి అంచును పరీక్షించడం, అప్పటికీ దొరకకపోతే ఫైలు దిగుమతికి, ఆపై చిత్రీకరణకు వెనక్కి వెళ్ళడం. ఈగ (2012), బాహుబలి (2015) చిత్రాల స్పెషల్ ఎఫెక్ట్స్‌కు జాతీయ పురస్కారాలు వచ్చాయి. అంతటి పెద్ద చిత్రమైనా, చిన్న ఊరి పెళ్ళి వీడియో అయినా మారేది పొరల సంఖ్యే గాని ఈ క్రమం కాదు. సాఫ్ట్‌వేర్ నేర్పే శిక్షణాలయాలు బటన్లకంటే ముందు దీన్ని అలవాటు చేస్తే, ఖరీదైన యంత్రాలు లేని స్టూడియోలకు కూడా మేలు జరుగుతుంది. ఎందుకంటే ఈ విద్యలో చవకైన సవరణలు చాలావరకు కెమెరా నడిచే ముందే దొరుకుతాయి, ఆ తరువాత ఆలస్యమైన ప్రతి దశలోనూ వాటి వెల పెరుగుతూ పోతుంది.