గ్రామనామములు - వలస సాక్ష్యము

ఒకే పేరుగల ఊళ్లు రెండు దూరదేశములలో కనబడినంతనే, ఒకచోటివారు రెండవచోటికి వలసపోయి తమ పూర్వస్థానము పేరును అచట నిలిపిరని నిర్ణయించుట మన పరిశోధకులలో ననేకులకు అలవాటైనది. ఈ పద్ధతి కవుల నివాసనిర్ణయమునకు సైతము ప్రాకినందున దీనిని విమర్శింపవలసియున్నది.

తుంగభద్రాతీరమున నొక విజయనగరము కలదు. కళింగసీమలో నొకటి కలదు. రెండవదాని కోట 1713లో, విజయనామసంవత్సరమున వెలసినది. పూసపాటివారి వంశమున విజయరామరాజను పేరు సుప్రసిద్ధము. కారణము ఇంటనే యుండగా దానికై హంపి దాక పోనక్కరలేదు. పశ్చిమదేశములందును ఇట్టి చిక్కు కలదు. అమెరికాలోని బోస్టను 1630లో, ఇంగ్లండునందలి బోస్టను ప్రాంతమువారి మూలమున ఆ పేరు పొందినది. న్యూయార్కు 1664లో యార్కు ప్రభువు గౌరవార్థ మేర్పడినది. యార్కు పట్టణపు ప్రజలు కదలివచ్చి పెట్టిన పేరు కాదు. పైకి రెండును ఒకే తీరుగా నుండుట గమనింపదగును.

ఇక మన యోరుగంటి చెంతకు వత్తము. సంగెము మండలములో గుంటూరుపల్లి యను గ్రామ మున్నది. కృష్ణకు ఆవలి జిల్లాలనుండి వచ్చిన కర్షకుల పల్లె యని దానికి ప్రసిద్ధి. ఈ పేరు నిజముగా వలస పేరే యనుటకు ప్రసిద్ధి నటుంచి, పదనిర్మాణమునే పరీక్షింతము. గుంట దగ్గరి ఊరు గుంటూరని సామాన్యముగా చెప్పు అర్థము. గుంటలు తెలంగాణములో లేకపోలేదు. కాని గుంటనుబట్టి యిచ్చటనే పుట్టిన పేరైనచో 'గుంటపల్లి' కావలెను. 'ఊరు' మీద మరల 'పల్లి' చేరుటకు పనిలేదు. 'ఊరు' అను భాగము అర్థము చచ్చి, పదమంతయు నొక్క ముద్దయై వచ్చిన తరువాతనే దానిపై 'పల్లి' నిలువగలదు. గుంటూరి యను ఇంటిపేరు గలవాని మూలమున వచ్చినదందురా? అప్పుడు 'గుంటూరివారిపల్లి' యనియో 'గుంటూరిపల్లి' యనియో ఔపవిభక్తికరూప మేర్పడవలెను. కనుక ఈ పేరు కృష్ణ దాటి వచ్చినదే. గుంటూరు ప్రత్యేకజిల్లాగా నేర్పడినది 1904లో. జిల్లా నుద్దేశించి పెట్టిన పేరైనచో అంతకు పూర్వపుది కాజాలదు.

అయినను ఈ పేరు పెట్టినదెవరు? వలసవచ్చినవారే యని తలచుట సహజము. నాకట్లు తోచదు. ఆ జిల్లాలోని కర్షకుడు తన్ను తాను తెనాలి వాడననియో, బాపట్ల వాడననియో, అంతకంటెను తన పల్లె పేరుతోనో చెప్పుకొనును. వారందరును కలిసి గుంటూరువా రగుట ఇచ్చటి ఇరుగుపొరుగుల కన్నులకే. క్రొత్తవారిని చూచి పాతవారు వేసిన గుర్తు ఊరి పేరైనది. వలస పేరు వలసవచ్చినవారి మమకారమునకు సాక్ష్యమని వ్రాయువారు ఈ సంగతి నాలోచించుట లేదు.

మరి మనవారు తమ ఊరిమీది మమకారము నెచట దాచుకొనిరి? ఇంటిపేరులో. ఓరుగల్లు విడిచినవారు పోయినచోట నెల్ల మరియొక ఓరుగల్లును కట్టలేదు, తాము 'ఓరుగంటివా'రైరి. రాజులు బిరుదములలో దాచుకొనిరి. మాన్యఖేటమున నేలిన రాష్ట్రకూటులు లత్తలూరుపురవరాధీశ్వరులమని చెప్పుకొనిరి. కాకతీయులు రాజధానిని ఓరుగంటికి మార్చిన పిదపను అనుమకొండపురవరాధీశ్వర బిరుదమును వదలలేదు. 1323లో కోటను గెలిచినవారు దానికి సుల్తానుపురమని పేరిడిరి గాని అది నిలువలేదు. బస్తరు ప్రభువులు ఓరుగంటి కాకతీయుల సంతతివారమని చెప్పుకొనిరి. దంతెవాడలోని దిక్పాలదేవుని 1703 నాటి శాసనమును ఆ మాటనే పలుకును. అయినను వారి రాజధానులలో దేనికిని ఓరుగల్లని పేరు లేదు. వంశనామము పోయినది, పురనామము పోలేదు. నామసామ్యమునే నమ్ముకొన్నవాడు ఇంతటి వలసవృత్తాంతమును కానక దాటిపోవును!

ఇప్పుడు పోతనామాత్యుని ప్రసంగము. భాగవతావతారికలోని ఏకశిలానగరము ఓరుగల్లని కొందరును, కడపమండలములోని ఒంటిమిట్ట యని కొందరును వాదించిరి. ఒకచోటి పేరు రెండవచోటికి వలసపోయినదను మూడవ మాటయు అప్పుడప్పుడు వినవచ్చుచున్నది. ఇది నిరాధారము. ఓరుగల్లనగా ఒక్క రాయి. ఒంటిమిట్ట యనగా ఒక్క గుట్ట. రెండును తమ నేలనుబట్టి పుట్టిన దేశ్యనామములు. ఏకశిల యనునది వానికి సంస్కృతీకరణము మాత్రమే. ఏ ఊరి పండితుడైనను దీనిని స్వతంత్రముగా చేసికొనగలడు. కాబట్టి ఈ పదము ఏ పక్షమునకును సాక్ష్యము కాదు.

మన ప్రాంతమువారు వెంటనే 'బమ్మెర' యను ఇంటిపేరును చూపుదురు. పాలకుర్తి చెంత, నేటి జనగామ జిల్లాలో, బమ్మెర గ్రామ మున్నమాట నిజము. అయితే పై వాదమును మనమీదను ప్రయోగించుకొనవలెను గదా. ఇంటిపేరు సాధారణముగా ఊరు విడిచినవానికే అంటుకొనును. బమ్మెరలో నున్నవారందరును బమ్మెరవారే యైనచో ఆ గుర్తుతో పనియేమి? ఆ పేరు పూర్వులు బమ్మెరవారని చెప్పును. కవి యెచట కూర్చుండి భాగవతమును వ్రాసెనో చెప్పదు. నేను ఓరుగంటి పక్షమువాడనే. ఐనను మన పక్షమునకు బలము భోగినీదండకము వలన తెలియవచ్చు రాచకొండ సింగభూపాలుని సంబంధముననే వెదకవలెను. ఆ దండకము పోతనకృతి యగునా కాదా యను చర్చ ముందు తెగవలసియున్నది. దానిని తెంపక, బమ్మెర పేరును పదేపదే చదువుటవలన ఎదుటివారికి సమాధానము చెప్పినట్లు కాదు.

గుంటూరుపల్లి విషయమున చేయదగిన పని యొకటి మిగిలియున్నది. అచటి కుటుంబముల ఇంటిపేళ్లను, వృద్ధులు చెప్పు పూర్వగ్రామముల పేళ్లను పాఠశాలల పండితులు విద్యార్థులచే వ్రాయించి పంపినచో, గుంటూరను ఒక్క మాటక్రింద ఎన్ని ఊళ్లు మరుగుపడియున్నవో తేలును. ఆ పట్టికలో ఓరుగంటివా రెవరైన కనబడిన పక్షమున, ఎన్ని తరములకు తిరిగి వచ్చిరో యని వారినే యడుగవలెను.