తూము నోటి దగ్గర శస్త్రవిద్య

అనంతగిరి గుట్టల కింద సేద్యం చేసేవాళ్లకు చెరువు తూము సంగతి చెప్పక్కర్లేదు. కాలువ ఎంత శుభ్రంగా ఉన్నా, తూము నోరు పూడితే పొలం ఎండుతుంది. పెద్ద ధమనుల గోడలు వాచే తకయాసు జబ్బు గుండెకు చేసే చేటు ఇదే.

గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని మొదట్లో, కవాటానికి కాస్త పైన, రెండు కరోనరీ ధమనుల నోళ్లుంటాయి. ఎడమదాని వెడల్పు నాలుగైదు మిల్లీమీటర్లు. పెద్ద ధమని గోడకు మూడు పొరలు. బయటి పొరలో ఆ గోడకే రక్తాన్నిచ్చే సన్న నాళాలున్నాయి. వాపు ఆ వైపు నుంచి లోపలికి పాకుతుంది. లోపలి పొర మందమై, మచ్చకట్టి, కరోనరీ నోటిని బిగిస్తుంది. నోరు దాటాక నాళం చాలామందిలో నున్నగానే ఉంటుంది. శస్త్రవైద్యులకు ఆధారం అదే.

బైపాస్‌కు అన్నిటికన్నా మన్నికైనది రొమ్ము ఎముక వెనకుండే ధమని. అది చేతికి రక్తం తీసుకెళ్లే ధమని నుంచి పుడుతుంది. తకయాసు తరచూ పట్టేది ఆ ధమనినే! కాలి సిర వాడదామంటే, దాని పైకొసను వాచిన పెద్ద ధమనికే కుట్టాలి. అందుకని కొందరికి నోటినే వెడల్పు చేస్తారు. రక్తప్రసరణను యంత్రానికి అప్పగించి, పొటాషియం ద్రావణంతో గుండెను ఆపుతారు. పెద్ద ధమనిని తెరిచి, ఆ కోతను ఇరుకు నోటి మీదుగా ఎడమ కరోనరీలో మంచి భాగం దాకా తీసుకెళతారు. గుండె పైపొర నుంచో, కాలి సిర నుంచో కత్తిరించిన ముక్కను అక్కడ అతికి, తలవెంట్రుకంత సన్నని పాలీప్రొపిలిన్ దారంతో కుడతారు. ముక్క చిన్నదైతే నోరు ఇరుకుగానే మిగులుతుంది, మరీ పెద్దదైతే ఉబ్బుతుంది. సరిగ్గా కుదిరితే రక్తం తన సహజమైన దారినే గుండె కండకు చేరుతుంది.

నాకు ఈ కుట్టు కన్నా గొప్పగా తోచేది, దానికి ముందు ఆగడం. వాచిన గోడలో కుట్టు నిలవదు. రోగి స్థితి అనుమతిస్తే స్టెరాయిడ్లతో వాపు తగ్గించాకే కత్తి పడతారు. స్టెరాయిడ్లు నిద్రాణమైన క్షయను లేపగలవు కనుక ముందుగా దాన్నీ వెతుకుతారు. క్షయ ఆసుపత్రికి పేరుపడ్డ అనంతగిరి ప్రాంతంలో ఈ జాగ్రత్తను విడమరిచి చెప్పనక్కర్లేదు.

జపాన్ కంటి వైద్యుడు మికితో తకయాసు 1908లో ఈ జబ్బును కంటిలోని రక్తనాళాల్లో గుర్తించారు. ఎక్కువగా పట్టేది నలభై లోపు స్త్రీలను. వాళ్లకు ఛాతీ నొప్పంటే గ్యాస్ అని పంపేయడం సులువు. వికారాబాద్‌లో 2023లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల విద్యార్థులకూ, తాండూరు జిల్లా ఆసుపత్రి వైద్యులకూ ఒక్క మనవి: అలాంటి అమ్మాయి వస్తే రెండు చేతుల్లోనూ నాడి చూడండి, రెండు చేతులకూ బీపీ కొలవండి.