జిజెల్ కాళ్ల చప్పుడు

పోయిన వేసవి సెలవుల్లో మా అమ్మమ్మా నేనూ ఫోన్‌లో ‘జిజెల్’ అనే బాలే చూశాం. బాలే అంటే మాట, పాట లేకుండా వాద్యాలకు కథ ఆడే యూరప్ నాట్యం. సగం అయ్యాక అమ్మమ్మ, “ఇదేంటే, ఈ పిల్లల కాళ్లు నేలకే ఆనడం లేదు! దయ్యాలా ఏంటి?” అంది. ఆమెకు కథ తెలీదు. నిజంగానే వాళ్లు దయ్యాలు!

నేను ఆరేళ్లుగా కూచిపూడి నేర్చుకుంటున్నాను. కిందటేడు ఒక పోటీలో ఒక పెద్దాయన నన్ను పిలిచి, “ఒళ్లు తగ్గించమ్మా, నాట్యమంటే తేలిగ్గా కనపడాలి” అన్నారు. ఇంటికొచ్చి ఏడ్చాను. ఆ ‘తేలిగ్గా’ అన్న మాట మనసులో పెట్టుకునే ఈ బాలే చూశాను. అందుకని నా అభిప్రాయంలో కొంచెం కోపం ఉంటే మీరు క్షమించాలి.

ఆ తేలికదనం ప్యారిస్‌లో ఒక కాలంలో పెద్ద మోజు. 1832లో మారీ తాల్యోని అనే ఆమె ‘లా సిల్ఫీద్’లో గాలిలో తిరిగే అప్సరస లాంటి పాత్ర వేసింది. తెల్లటి పలచని గౌను, కాలి వేళ్ల కొసల మీద నడక, గ్యాస్ దీపాలతో తెచ్చిన వెన్నెల. కొన్నిచోట్ల నాట్యకత్తెలను తీగలతో గాలిలోకి లేపేవారట. ఇప్పటిలా గట్టి ముక్కు ఉన్న చెప్పులు అప్పుడు లేవు. మామూలు సాటిన్ చెప్పుల కొసన దారంతో దట్టంగా కుట్టుకునేవాళ్లు, అంతే. మిగతా భారమంతా పాదానిదే. ఆమెకు నేర్పించింది కన్నతండ్రే. గంటల తరబడి సాధన చేయించి, ఆ కష్టం మాత్రం చూసేవాళ్లకు కనపడకూడదన్నాడు.

‘జిజెల్’ 1841 జూన్ 28న ప్యారిస్ ఒపేరాలో మొదటిసారి ఆడారు. కథ రాసినవాళ్లలో ముఖ్యుడు థియోఫిల్ గోత్యే అనే కవి, సంగీతం అడోల్ఫ్ ఆదాం, జిజెల్‌గా కార్లోత్తా గ్రిసి. జిజెల్ పల్లెటూరి పిల్ల. ఆల్బ్రెక్ట్ అనే జమీందారు రైతు వేషంలో వచ్చి ఆమెను ప్రేమిస్తున్నానంటాడు. అతనికి బాతిల్డ్ అనే గొప్పింటి అమ్మాయితో పెళ్లి ముందే కుదిరి ఉంది. జిజెల్‌ను ఇష్టపడే హిలారియన్ అనే అడవి కాపలావాడు ఆ మోసం బయటపెడతాడు. జిజెల్‌కు మతి చలించి, ప్రాణం పోతుంది. రెండో అంకంలో ఆమె విలీల గుంపులో చేరుతుంది. పెళ్లి కాకుండానే చనిపోయిన అమ్మాయిలే విలీలు. రాత్రి అడవిలో దొరికిన మగవాణ్ణి చచ్చేదాకా ఆడిస్తారు. వాళ్ల రాణి మిర్తా.

అందరూ రెండో అంకాన్నే మెచ్చుకుంటారు. తెల్లబట్టల్లో వరసలుగా విలీలు ఒంటికాలి మీద వేదికకు అడ్డంగా సాగిపోతుంటే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది, కాదనను. కానీ నా లెక్కలో ఈ బాలేకు ప్రాణం మొదటి అంకం చివర ఉంది. అంతకుముందు జిజెల్ సంతోషంగా ఆడిన అడుగులనే, పువ్వు రేకులు తుంచుతూ ‘ప్రేమిస్తాడా లేదా’ అని చూసుకున్న ఆటనే, మతి పోయాక మళ్లీ గుర్తు చేసుకుని ఆడబోతుంది. సంగీతం కూడా పాతదే, ముక్కలు ముక్కలుగా వస్తుంది. అడుగు మొదలవుతుంది, పూర్తి కాదు. కాలు తడబడుతుంది. చేతిలో లేని పువ్వు రేకు తుంచుతుంది. మేము జతి మరిచిపోతే ఏమవుతుందో నాకు తెలుసు గనక ఆ తడబాటు ఎంత కష్టపడి చేసేదో నాకు అర్థమైంది. అక్కడ ఆమె తేలిగ్గా లేదు. ఒంటి బరువంతా కనపడుతుంది. అమ్మమ్మ కూడా అక్కడే కళ్లు తుడుచుకుంది.

(మనం ఇప్పుడు చూసే అడుగులన్నీ 1841 నాటివే అనుకోకండి. 1868 తర్వాత ప్యారిస్ ఈ బాలేను వదిలేసింది. రష్యాలో పెటిపా అనే ఆయన సరిదిద్ది నిలబెట్టిన రూపమే చాలావరకు మనదాకా వచ్చింది.)

రెండో అంకంతో నాకు పేచీ ఏమిటంటే, నిజం చెప్పిన హిలారియన్‌ను విలీలు చంపేస్తారు. అబద్ధమాడిన ఆల్బ్రెక్ట్‌ను జిజెల్ తెల్లవారే దాకా కాపాడుతుంది. చచ్చాక కూడా ఆమె పని అతని కోసం ఆడటమే! ఆ రోజుల్లో ఒపేరాకు చందాలు కట్టే డబ్బున్న మగవాళ్లను తెరవెనక నాట్యకత్తెల గదిలోకి రానిచ్చేవారు. ఆ అమ్మాయిల్లో చాలామంది లేనింటి పిల్లలు. మోసపోయిన పేదపిల్ల క్షమించేస్తుంటే చప్పట్లు కొట్టిన వాళ్లలో ఎంతమంది ఆల్బ్రెక్ట్‌లు ఉండి ఉంటారో!

తేలికదనానికి ఇంకో ఖరీదు కూడా ఉంది. తాల్యోని శిష్యురాలు ఎమ్మా లివ్రీకి 1862 నవంబరులో రిహార్సల్లో గ్యాస్ దీపం తగిలి గౌను అంటుకుంది. నెలల తరబడి బాధపడి మరుసటేడు జూలైలో చనిపోయింది. అప్పటికి ఇరవై ఏళ్లు. మంట అంటకుండా మందు పట్టించిన బట్ట అప్పటికే ఉంది. అది బిరుసుగా ఉంటుందని, పొంకంగా కనపడదని ఆమే వద్దంది. ఇది చదివి నేను ఫోన్ పక్కన పెట్టేశాను. ఆమె మూర్ఖురాలని మా తమ్ముడన్నాడు. నాకలా అనిపించలేదు. తేలిగ్గా కనపడితేనే నాట్యమని చిన్నప్పటి నుంచి వింటే ఎవరైనా అదే చేస్తారు.

గోత్యే ఇంకో రకం నాట్యం చూడలేదా అంటే, చూశాడు. 1838లో మా కడలూరు పక్కనున్న తిరువందిపురం దేవదాసీలు ప్యారిస్ వెళ్లి ఆడారు. వాళ్లలో అమణి అనే ఆమెను ఆయన ఎంతో మెచ్చుకుని రాశాడు. బార్ అనే శిల్పి ఆమె బొమ్మ కూడా చేశాడు. కాళ్లకు గజ్జెలు కట్టి నేలను తట్టే నాట్యం అది. మూడేళ్ల తర్వాత అదే గోత్యే నేలను తాకని పిల్లల కథ రాశాడు. ఆయనకు ఏది నచ్చితే అది రాసుకోవచ్చు, నేనేం అనను.

రెండోసారి నేను ఇయర్‌ఫోన్ పెట్టుకుని చూశాను. వయొలిన్లు సన్నబడినప్పుడు విలీల చెప్పులు చెక్క మీద పడే చప్పుడు వినపడింది. టప్, టప్, టప్, ఇరవై మందికి పైగా ఒకేసారి. దయ్యాలకు కాళ్ల చప్పుడు ఉండకూడదు కదా! ఆ చప్పుడు విన్నాకే నాకు ఆ అమ్మాయిల మీద గౌరవం పుట్టింది. అమ్మమ్మకు వినిపిస్తే, “పాపం, ఎంత నొప్పో” అని తన మోకాలు పట్టుకుంది.

ఆల్బ్రెక్ట్‌ను క్షమించడం గురించి మాత్రం మా ఇద్దరికీ కుదరలేదు. “చచ్చినపిల్ల పగ పెట్టుకుని ఏం చేస్తుందే” అంటుంది అమ్మమ్మ. మొదట రాసిన కథలో జిజెల్ వెళ్లిపోతూ, ఆల్బ్రెక్ట్‌ను బాతిల్డ్ దగ్గరికి వెళ్లమని చెయ్యి చూపిస్తుంది. ఈ ముక్క చెప్పాక అమ్మమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అయితే వాడికి ఏ నష్టమూ లేదన్నమాట” అంది.