తన్ను తాను గమనించుకొనుట: పిరమిడ్ ధ్యానము, జిడ్డు కృష్ణమూర్తి బోధ – ఒక దైవశాస్త్ర విమర్శ

ఉపోద్ఘాతము

బాన్సువాడ ప్రాంతంలో పరిచర్య చేసే సంఘకాపరికి ధ్యానోద్యమం దూరపు సంగతి కాదు. పిరమిడ్ స్పిరిచ్యువల్ సొసైటీల స్థాపకుడు సుభాష్ పత్రి గారు 1947లో పొరుగునే ఉన్న బోధన్‌లోని శక్కర్‌నగర్‌లో జన్మించారు. 1990లో కర్నూలులో మొదలైన ఆ ఉద్యమం తెలుగు పల్లెలకు పాకింది. ఆయన 2022లో మరణించినా బోధ కొనసాగుతోంది. ఈ ధ్యానం చేయవచ్చా అని విశ్వాసి అడిగినప్పుడు “అది అన్యాచారం” అని ఒక్క మాటలో తేల్చివేస్తే అతని ప్రశ్న తీరదు. బోధ ఏమిటో తెలుసుకొని, వాక్యపు వెలుగులో పరీక్షించాలి.

రెండు బోధలు

పత్రి గారు నేర్పిన పద్ధతి సులభమైనది. కళ్లు మూసుకొని, సహజమైన శ్వాసను గమనిస్తూ, ఎన్నేళ్ల వయస్సో కనీసం అన్ని నిమిషాలు కూర్చోవాలి. మంత్రం, రుసుము, గురుదక్షిణ లేవు. పిరమిడ్‌లో కూర్చుంటే ధ్యానశక్తి మూడింతలు అవుతుందనీ, మూడవ కన్ను తెరుచుకుంటుందనీ చెబుతారు. ఈ పద్ధతి వెనుక ఒక సిద్ధాంతముంది: మన వాస్తవానికి మనమే సృష్టికర్తలం.

జిడ్డు కృష్ణమూర్తి గారి దారి వేరు. 1895లో మదనపల్లెలో పుట్టిన ఆయనను 1909లో అడయారులో దివ్యజ్ఞాన సమాజ నాయకుడు లెడ్‌బీటర్ గుర్తించాడు. రాబోయే జగద్గురువుకు పాత్రగా అనీబిసెంట్ ఆయనను పెంచింది. ఆయన కోసం 1911లో ఒక సంఘమే ఏర్పడింది. 1929 ఆగస్టు 3న హాలండులోని ఓమెన్‌లో ఆయన దానిని స్వయంగా రద్దు చేశారు. సత్యానికి ఏర్పరచిన మార్గం లేదనీ, గురువు అక్కరలేదనీ ప్రకటించారు. తన కోపాన్ని, భయాన్ని, అసూయను ఖండించకుండా, సమర్థించకుండా ఉన్నది ఉన్నట్టు చూడమన్నారు. చూచేవాడు, చూడబడేది వేరు కాదన్నారు. అరచేతిలోకి వచ్చిన పీఠాన్ని వదులుకొన్న ఆ నిజాయితీని మనం గౌరవించాలి.

విమర్శ

మొదటిది, శ్రమను గూర్చిన ప్రశ్న. మన వాస్తవాన్ని మనమే సృష్టించుకొన్నామంటే పంట పోయిన రైతు తన నష్టాన్ని, జబ్బుపడిన బిడ్డ తల్లి తన దుఃఖాన్ని తానే సృష్టించుకొన్నట్టు అవుతుంది. ఇది ఓదార్పు కాదు, మోయలేని బరువు. యోహాను 9:1-3లో గ్రుడ్డివాని విషయమై శిష్యులు నేరస్థుని వెదకగా ప్రభువు ఆ లెక్కను తిరస్కరించాడు. అయితే మన ప్రసంగాల్లోనూ “నీకు విశ్వాసం చాలలేదు” అని రోగిని నిందించే ధోరణి ఉంది. ఆ రెండు మాటల ఫలితం ఒక్కటే.

రెండవది, చూచేవాని సమస్య. హృదయం మోసకరమని యిర్మీయా 17:9 చెబుతుంది. కృష్ణమూర్తి గారు కూడా దీనిని ఎరుగుదురు. చూచే మనస్సే అలవాట్లతో నిండినదని ఆయన పదేపదే హెచ్చరించారు. కాని చూచేవాడే కరిగిపోవడంలో ఆయన పరిష్కారం చూశారు. 2 సమూయేలు 12లో దావీదు మరొక దారిలో మేల్కొన్నాడు. పేదవాని గొఱ్ఱెపిల్ల కథ విని న్యాయంగా తీర్పు చెప్పాడు. ఆ కథలో తనను తాను మాత్రం చూడలేదు. నాతాను బయటినుండి వచ్చి చెప్పవలసి వచ్చింది. పాపం మనసులోని కదలిక మాత్రమే కాదు, ఊరియాకు జరిగిన అన్యాయం. అక్కడ క్షమాపణ కావాలి, క్షమించడానికి మరొకరుండాలి. 139వ కీర్తన రచయిత తనను పరిశోధించుమని దేవునినే వేడుకొనడం అందుకే.

మూడవది, ఫలముల ప్రశ్న. గుర్జీఫ్ శిష్యుడైన మారిస్ నికోల్ సువార్తలను మనస్తత్వ దృష్టితో వివరిస్తూ ‘మెటనోయియా’ అంటే మనస్సు మారడమని నొక్కి చెప్పాడు. మాటకు ఆ అర్థముంది. అయితే లూకా 3:8-14లో ఏమి చేయాలని అడిగినవారికి యోహాను రెండు అంగీలున్నవాడు ఒకటి ఇవ్వాలనీ, సుంకరులు ఎక్కువ వసూలు చేయకూడదనీ, సైనికులు దోచుకొనకూడదనీ చెప్పాడు. మారుమనస్సు పొరుగువాని దగ్గరకు చేరితేనే పూర్తి అవుతుంది.

సంఘము నేర్చుకొనవలసినది

ఈ విమర్శ మనవైపు కూడా తిరగాలి. 1 కొరింథీయులకు 11:28లో ‘తన్ను తాను పరీక్షించుకొనవలెను’ అనే భావానికి పౌలు వాడిన ‘దోకిమాజో’ అనే క్రియను గ్రీకులో లోహాన్ని పరీక్షించడానికి కూడా వాడేవారు. సందర్భం 21, 22 వచనాల్లో ఉంది: కొందరు ముందుగా తిని త్రాగుతుంటే పేదలు ఆకలితో ఉన్నారు. కాబట్టి అక్కడి ఆత్మపరీక్ష బల్లయొద్ద ప్రక్కవానిని చూడడం కూడా. మన ఆరాధనల్లో అది చాలాచోట్ల ఒక నిమిషపు మౌనంగా మిగిలింది. మన యువకులు వెదకుతున్న నిశ్శబ్దం మన దగ్గర దొరకకపోతే వేరేచోట దొరుకుతుంది.

ముగింపు

శ్వాసను గమనించి నెమ్మది పొందడాన్ని దయ్యాల పనిగా ప్రకటించనక్కరలేదు. దానిని రక్షణగా ఒప్పుకొననూ అక్కరలేదు. సంఘకాపరులు మూడు పనులు చేయవచ్చు. ప్రభురాత్రి భోజనానికి ముందురోజు సాయంత్రం కీర్తన చదివి, మౌనంగా కూర్చునే సిద్ధపాటు కూడిక పెట్టవచ్చు. “నేనెవరికి అన్యాయం చేశాను? ఎవరితో సమాధానపడాలి?” అనే ప్రశ్నలను అక్కడ ఇవ్వవచ్చు. ధ్యానానికి వెళ్లివచ్చిన విశ్వాసిని గద్దించే ముందు అతడు అక్కడ ఏమి వెదకాడో అడిగి వినవచ్చు. వినకుండా ఇచ్చే జవాబు ఎంత శుద్ధమైన సిద్ధాంతమైనా అతనికి చేరదు.